అమ్మకు జరమొస్తే… ఇంటి మందు ఎంతవరకు?

ఇంట్లో పిల్లలకు జరమొస్తే తలాపున అమ్మ ఉంటుంది. ఆయనకొస్తే గంజి కాచేది, తడిగుడ్డ వేసేది, టైముకు గోలీ అందించేది కూడా అమ్మే. మరి అమ్మకే వస్తే? పోయిన వానకాలం మా ఇంట్లో జరిగింది చెప్తా. మూడో రోజు పొద్దున ఆరు గంటలు. ఒక పొయ్యి మీద కుక్కర్, రెండో పొయ్యి మీద గిన్నెలో మిరియాలు, శొంఠి, తులసాకులు. నీళ్లు సగానికి ఇగిరేదాకా నిలబడాలి. ఒక చేత్తో గిన్నె కదుపుతున్నా, ఇంకో చేత్తో చిన్నదాని టిఫిన్ డబ్బా మూత పెడుతున్నా. కాళ్లు వణుకుతున్నాయి. "కషాయం తాగు బిడ్డా, దిగిపోతది" అన్నది అత్తమ్మ వెనక నుంచి. ప్రేమతోనే అన్నది. తాగాను. తాగి బట్టలు నానబెట్టడానికి పోయాను.

జరం తగ్గాక ఆ పొద్దు పదేపదే గుర్తొచ్చింది. ఇంటి మందు అని మనం దేన్ని అంటున్నాం? చిన్నప్పుడు మా అమ్మమ్మ చేసిన ఇంటి వైద్యంలో కషాయం ఒక్కటే లేదు. వెచ్చటి దుప్పటి ఉంది, గంటకోసారి నోటికందించే గంజి ఉంది, "లేవకు, పండుకో" అనే గద్దింపు ఉంది. పెద్దయ్యాక ఆ వైద్యంలోంచి నా వాటాకు కషాయం గ్లాసు మాత్రమే మిగిలింది. పనిచేసే భాగమేమో ఆ పోయినదాంట్లో ఎక్కువ ఉంది. నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లల్లో అమ్మలు ఇంకా నమ్మకంగా వాడే మందుల్లో ఏది దేనికి ఉపయోగం, ఏది ఉత్త కాలయాపన అన్నది విడదీసి చూద్దామనే ఇది రాస్తున్నాను.

సర్ది తగ్గితే పేరెవరికి?

మామూలు సర్ది వైరస్‌తో వస్తుంది. మందు వేసుకున్నా వేసుకోకపోయినా వారం, పది రోజుల్లో పోతుంది. దగ్గు మాత్రం మూడు వారాల దాకా సాగొచ్చు. మనం కషాయం మొదలుపెట్టేది సాధారణంగా మూడో రోజో నాలుగో రోజో, అంటే బాధ బాగా ముదిరినప్పుడు. అక్కడి నుంచి అది ఎలాగూ దిగుముఖమే పడుతుంది. దిగగానే పేరు కషాయానికి వస్తుంది. అదే రోజు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగినవాళ్లు ఆ పేరు దానికిస్తారు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, సర్ది వైరస్‌ను అది ఏమీ చేయలేదు.

అట్లని కషాయం దండగ అనను. వేడి నీళ్లు గొంతుకు హాయి, ఒంట్లోకి నాలుగు గుటకల నీళ్లు పోతాయి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గొంతు నొప్పి కాసేపు తగ్గుతుంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు చెంచాడు తేనె ఇస్తే రాత్రి దగ్గు కొంత నిమ్మళిస్తుంది. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాలుకకు కూడా రాయొద్దు. అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిపేగుల్లో పెరిగి, ఒళ్లు చచ్చుబడేలా చేసే బొటులిజం అనే జబ్బు తెస్తుంది. పురుటి బిడ్డకు తేనె నాకించే ఆచారం మన దగ్గర ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ఆవిరి పడితే ముక్కు కాసేపు తెరుచుకుంటుంది, వైరస్ చావదు. మరిగే గిన్నె ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టి దుప్పటి కప్పడం ప్రమాదం. గిన్నె ఒరిగితే కాలేది తొడలు, పొట్ట. పసుపు పాలు తాగడం నాకూ ఇష్టమే. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుంది, మిరియాలు కలిస్తే కొంత మెరుగు. దాన్ని తిండిగా చూస్తే చాలు. అతిమధురం వేసిన కషాయం రోజూ తాగితే బీపీ పెరుగుతుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. తిప్పతీగ సంగతీ అంతే. కరోనా రోజుల్లో ఇంటింటా మరిగించారు. అది వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ దాంతో విభేదించింది. ఆ చర్చ ఎటు తేలినా, నెలల తరబడి ఏ ఆకూ పరగడుపున తాగకపోవడమే నాకు సరైనదనిపిస్తుంది.

పసిరికలకు, అంటే కామెర్లకు, పసరు మందు పేరు కూడా సర్దికి కషాయం పేరులాగే నిలబడింది. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ వారాల్లో ముక్కులో పసరు పిండినవాళ్లకు, చేతి మీద కాల్చినవాళ్లకు ఖ్యాతి దక్కింది. కానీ కళ్లు పచ్చబడడానికి కారణాలు చాలా ఉన్నాయి. గర్భిణికి చివరి మూడు నెలల్లో హెపటైటిస్-ఇ వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఊరిలో పదిమందికి పసరుతో నయమైందన్న మాట విని కడుపుతో ఉన్న పిల్లను పసరు దగ్గరికి తీసుకపోతే, ఆమె ఆ పదిమందిలా బయటపడుతుందన్న భరోసా లేదు. నేరుగా దవాఖానకే తీసుకపోవాలి.

పడక దొరకని రోగి

2015లో అమెరికా నుంచి ఒక పరిశోధన అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న 164 మంది ఎంత నిద్రపోతున్నారో చేతికి పరికరం కట్టి వారం రోజులు కొలిచారు. తర్వాత వాళ్ల ముక్కులో సర్ది వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయినవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయినవాళ్లకు సర్ది పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. రోగాన్ని తట్టుకునే శక్తి కోసం మనం వంటింటి డబ్బాలన్నీ వెతుకుతాం గానీ, అది ఎక్కువగా తయారయ్యేది మంచం మీద.

ఆ మంచం ఎవరికి దొరుకుతుంది? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లలను, ముసలివాళ్లను చూసుకునే సమయం దీనికి అదనం. జరమొచ్చిన రోజున ఈ 289 నిమిషాలు ఎక్కడికీ పోవు, ఇంకెవరైనా ఎత్తుకుంటే తప్ప. "రెస్ట్ తీసుకో" అన్న సలహా చాలా ఇళ్లల్లో గాలిలో కలిసిపోయేది ఇందుకే.

నేను చూసినంతలో రెస్ట్ అడిగితే దొరకదు, పని పేరుతో అడిగితే దొరుకుతుంది. "నాకు బాగలేదు" అంటే అందరూ అయ్యో అంటారు, ఎవరూ లేవరు. "ఈ మూడు రోజులు పొద్దుటి వంట మీరు చెయ్యాలి, చిన్నదాన్ని బస్సు ఎక్కించాలి, బట్టలు ఆదివారం దాకా ఆగాలి" అంటే లేస్తారు. ఏ పని ఆగొచ్చు, ఏది ఆగదు అన్నది ఆరోగ్యంగా ఉన్న రోజే మాట్లాడుకోవాలి. జరంలో తల పనిచేయదు. రోజూ రెండు కూరలు, చారు ఉండాల్సిందేనన్న పట్టింపు ఆ మూడు రోజులు పక్కన పెట్టొచ్చు. జొన్న గట్క, సల్ల, ఎల్లిగడ్డ కారం చాలు. పది పన్నెండేళ్ల పిల్లలు ఈ పని నేర్చుకోగలరు.

పాలిచ్చే తల్లులకు ఒక సంగతి వేరుగా చెప్పాలి. సర్ది, జరం వచ్చిందని పాలు మాన్పించక్కర లేదు. తల్లి ఒంట్లో ఆ రోగం మీద తయారైన యాంటీబాడీలు పాలతో బిడ్డకు చేరతాయి. చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని ఇవ్వొచ్చు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలి, పండ్లు పెట్టొద్దు అనే పథ్యం మన వైపు ఇంకా ఉంది. పాలిచ్చే మొదటి ఆరు నెలలు ఆమెకు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. ఎల్లిగడ్డ కారం మెతుకులతో అన్ని రావు. పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోలేకపోతే ఆశా అక్కతోనో ఏఎన్‌ఎంతోనో చెప్పించండి, ఆ మాటకు ఇంట్లో విలువ ఉంటుంది.

నీళ్లు, మన నీళ్లు

ఇంటి వైద్యంలో సైన్సు నూటికి నూరుపాళ్లు ఒప్పుకున్నది ఒకటుంది. వాంతులు, విరేచనాలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. పేగు గోడ ఉప్పును, చక్కెరను జోడుగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్లు వస్తాయి. ఉత్త నీళ్లు తాగితే అంత పట్టవు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా పాకి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే కలకత్తా డాక్టర్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాగించి వేల మందిని నిలబెట్టారు. తాగించింది చాలావరకు వాళ్ల ఇంటివాళ్లే. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆశా అక్క దగ్గర, పల్లె దవాఖానలో ఉచితంగా దొరుకుతుంది. లీటరు అని రాసి ఉంటే లీటరులోనే కలపాలి. ప్యాకెట్ లేని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. ఉప్పేసిన బియ్యం గంజి, పల్చటి సల్ల కూడా మంచివే. పిల్లలకైతే దీంతోపాటు రెండు వారాలు జింక్ గోలీ ఇవ్వాలి, అదీ అక్కడే దొరుకుతుంది. షాపులో అట్టడబ్బాల్లో తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చక్కెర ఎక్కువైన పానీయం విరేచనాలను పెంచుతుంది. కొనేముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి.

ఇక్కడ మన మట్టికి సంబంధించిన చిక్కు ఒకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మన నల్లగొండ జిల్లాకు తరాలుగా ఉన్న గోస. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది, దానికి పేరే నల్లగొండ టెక్నిక్. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఆవిరైపోదు. నీళ్లు ఇగిరినకొద్దీ అది మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లు, అంటే పైహద్దులో ఉన్న నీళ్లు, సగానికి మరిగిస్తే 3 మిల్లీగ్రాములవుతాయి. కషాయం కాచేది సరిగ్గా అలాగే కదా, సగానికి! ఒకరోజు తాగితే ఏమీ కాదు. మోకాళ్ల నొప్పులకని ఏడాది పొడుగునా బోరు నీళ్ల కషాయం తాగే అమ్మలున్నారు. ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ నొప్పికి వాళ్లు అదే ఫ్లోరైడ్‌ను ఇంకా చిక్కగా తాగుతున్నట్టు.

అందుకే మా ఇంట్లో గంజి, చాయ్, కషాయం, పప్పు, ఇవన్నీ మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనే. బోరు నీళ్లు అంట్లకు, బట్టలకు. నల్లా రాని రోజుల కోసం రెండు బిందెలు మూతపెట్టి ఉంచుతాం. గుడ్డతో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా ఫ్లోరైడ్ పోదు, ఆర్‌ఓలో పోతుంది. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ తగులుతుంది. మనకు కాల్షియం దూరం కాదు. రాగి జావ, నువ్వుల లడ్డూ, పెరుగు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

జరం దిగిన రోజే జాగ్రత్త

వానకాలం జరాల్లో డెంగీ ఏదో, మామూలు వైరల్ ఏదో మొదటి రెండు రోజుల్లో చెయ్యి పెట్టి చెప్పలేం. అందుకని ఆ రోజుల్లో జరానికి, ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాముల గోలీ, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో. సర్ది గోలీల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ వేసుకుంటే తెలియకుండానే డోసు మించుతుంది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే గంటలో ఒళ్లు తేలికవుతుంది, పని చేసుకోవచ్చు. పని ఆగకూడదన్న తొందరే అమ్మలను ఆ సూది దగ్గరికి నడిపిస్తుంది. అందులో డైక్లోఫెనాకో, స్టెరాయిడో ఉందేమో అడగండి. అడిగితే చెప్పని చోట వేయించుకోవద్దు.

డెంగీలో మోసం చేసే రోజు జరం దిగిన రోజు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జరం తగ్గుతుంది, అమ్మ లేచి చీపురు పట్టుకుంటుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరేది, బీపీ పడిపోయేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ఆగని కడుపునొప్పి, మాటిమాటికీ వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నెలసరి మామూలు కన్నా ఎక్కువ పోవడం, మగత, చేతులు కాళ్లు చల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. బొప్పాయి ఆకు రసం మీద చిన్న చిన్న పరిశోధనలున్నాయి, నమ్మి కూర్చునేంత రుజువు లేదు. ప్లేట్‌లెట్ల సంఖ్య మీద పెట్టే దృష్టి ఆమె ఎన్నిసార్లు మూత్రానికి పోయింది అన్నదాని మీద పెడితే మేలు. ఆరు గంటలుగా పోలేదంటే ఒంట్లో నీళ్లు తగ్గాయన్న గుర్తు.

రోజూ ఉండే నీరసం

జరం కనిపిస్తుంది. కనిపించనిది ఇంకొకటుంది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి, సాయంత్రానికి పిక్కలు లాగడం, జుట్టు రాలడం. "పని ఎక్కువైంది, అంతే" అని మనకు మనమే చెప్పుకుంటాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి యాభై ఏడు మంది! వీళ్లలో చాలామంది దాన్ని రోగమే అనుకోరు, తమ స్వభావం అనుకుంటారు.

దీనికి తిండి కావాలి, తిండి ఒక్కటే చాలదు. పుంటికూరలో, పాలకూరలో ఇనుము ఉంది గానీ ఆకుకూరల ఇనుము ఒంటికి కొంచెమే పడుతుంది. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. పప్పులో నకిరేకల్ నిమ్మకాయ పిండుకుంటే, తిన్నాక మన తోటల బత్తాయి నాలుగు తొనలు తింటే, సీజన్‌లో జామపండు తింటే ఆ పని జరుగుతుంది. సజ్జల్లో ఇనుము జొన్నల కన్నా ఎక్కువ. అన్నం తినగానే చాయ్ తాగితే మాత్రం ఇనుము పేగుల్లోనే ఆగిపోతుంది. గంట ఎడం పెట్టండి. మా ఇంట్లో ఈ ఒక్క అలవాటు మార్చుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది, నిజం చెప్తున్నా.

హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ, గర్భిణికైతే 11 కన్నా తక్కువ ఉంటే గోలీ కావాల్సిందే. ఎంత డోసు అన్నది పీహెచ్‌సీలో చెప్తారు. వికారం వస్తుందని చాలామంది వారానికే మానేస్తారు. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే వికారం తక్కువ. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఇనుము రంగు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ నిండుతుంది. అదే పరీక్షతో పాటు థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకోండి. ఈ మూడూ ఒకేలా నీరసం తెస్తాయి, మూడింటికీ మందు వేరు. 2023 మార్చి 8న రాష్ట్రంలో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైనప్పుడు మంగళవారం ఆడవాళ్ల కోసమే క్లినిక్ పెట్టారు. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఏ రోజు చూస్తున్నారో ఏఎన్‌ఎంను అడగండి. కడుపుతో ఉన్నవాళ్లు, బాలింతలు అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు వదులుకోవద్దు. ఇంటికి తెచ్చుకుంటే అది పిల్లల పళ్లెంలోకే పోతుంది, అక్కడే కూర్చుని తినండి.

నెలసరి పోటెత్తడం, మూత్రంలో మంట, రొమ్ములో గడ్డ, రెండు వారాలు దాటిన దగ్గు, ఇవి వంటింట్లో తేలేవి కావు. ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకాలని లేకపోవడం కూడా జబ్బు లక్షణాలే. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మా వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించాను. గోలీలు ఏ డబ్బాలో ఉన్నాయి, ఓఆర్‌ఎస్ ఎంత నీళ్లలో కలపాలి, ఏ బిందె తాగే నీళ్లది, ఎప్పుడు 108కి చేయాలి, నాలుగు లైన్లు. మొన్న నాకు సర్ది చేసినప్పుడు కషాయం మా పెద్దోడు కాచాడు. అల్లం ఎక్కువైంది. "ఏ నీళ్లు పోసినవ్ బిడ్డా?" అని అడిగాను. "నల్లా నీళ్లే అమ్మా, నువ్వు పండుకో" అన్నాడు. మంచం మీదే కూర్చుని తాగాను.